మహాకవి గుఱ్ఱం జాషువా – సత్యమునకు సాక్షియైన కళ



శతవార్షికోత్సవ సంచిక అనగానే తొలి మిషనరీలు, తొలి బాప్తిస్మములు, ఆలయములు కట్టించిన పెద్దలు మనకు జ్ఞాపకము వస్తారు. వారిని స్మరించుట మన విధి. అయితే ఈ కొద్ది పుటలలో నేను స్మరింపదలచినవారు మన జిల్లావారు కారు, బోధకులు కారు, సంఘపెద్దలు కారు. పైగా ఆయన జీవించియున్న కాలములో క్రైస్తవ సంఘమే ఆయనను దూరము పెట్టినది. ఆయనే మహాకవి గుఱ్ఱం జాషువాగారు. కళ దేని కొరకు? అందమునకు, సత్యమునకు సంబంధమేమి? మతము మనుష్యుని లేవనెత్తవలెనా, లేక ఉన్నచోటనే అణచి ఉంచవలెనా? ఈ ప్రశ్నలు మన వేదాంత కళాశాలలలో పరీక్షా పత్రములకు వస్తాయి. జాషువాగారికి అవి ప్రతిదినము భోజనముతోను, అవమానముతోను కలిసి వచ్చాయి.

ఒక రాత్రి జరిగిన సంగతి

ఆయన పేరు నా పరిచర్యలోనికి వచ్చిన విధము చెప్పుకొనుటకు నాకు సిగ్గుగానే ఉన్నది. అయినా చెప్పవలెను. దాదాపు ఇరవై ఏండ్ల క్రిందట, చదువు ముగించుకొని క్రొత్తగా సేవకు వచ్చిన దినములు. ఖానాపూర్ పరిసరములలో గోదావరికి దాపున ఒక పల్లెలో మన సంఘపు వృద్ధుడొకరు ప్రభువునందు నిద్రించారు. ఆ రాత్రి శవము ప్రక్కన కూర్చుండి కీర్తనలు పాడుచున్నాము. నడిరేయి దాటిన తరువాత ఒక పెద్దాయన లేచి, తానొక పద్యము పాడవచ్చునా అని అడిగాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఊరూర సత్యహరిశ్చంద్ర నాటకములో వేషము కట్టినవాడట. కాటి సీనులోని పద్యము ఎత్తుకొన్నాడు. ఒక్క పాదము పూర్తి కాకముందే నేను చేయెత్తి ఆపివేశాను. విశ్వాసి మరణమునొద్ద నాటకపు పద్యములేమిటని అందరి ముందు మందలించాను.

పెద్దాయన మారుమాట లేక కూర్చున్నాడు. మరునాడు సమాధిలో పిడికెడు మన్ను వేసి వెనుకకు తిరుగుతూ, ఆ పద్యము వ్రాసినది మనవాళ్ళలోని ఆయనే గదా అయ్యగారూ అని మాత్రము మెల్లగా అన్నాడు. నాకు ఆ సంగతి తెలియదు. పరదేశపు వేదాంతుల పేర్లు వల్లించగలిగిన నాకు, మన భాషలో మన బాధను పాడిన మనవాని పేరు ఆ పద్యము మీద ఉన్నదని తెలియదు. ఆ తరువాతనే వెదకి చదివాను. ఈ వ్యాసము ఆ పెద్దాయనకు నేను బాకీపడిన క్షమాపణలో ఒక భాగము.

జననము, బాల్యము

జాషువాగారు 1895 సెప్టెంబరు 28న గుంటూరు సీమలోని వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్యగారు, తల్లి లింగమాంబగారు. తండ్రిది యాదవ కులము, తల్లిది మాదిగ కులము. క్రైస్తవ విశ్వాసములో ఉన్న ఆ యింట బిడ్డకు ఇశ్రాయేలీయులను యొర్దాను దాటించిన యెహోషువ పేరు పెట్టారు. ఆ పేరు ఎంత తగినదో చివర మనవి చేస్తాను.

బాలునికి బొమ్మలు గీయుట, పాటలు పాడుట ఇష్టము. తెలుగు పద్యము మీద ప్రేమ చిన్ననాడే పట్టుకొన్నది. తోడి బాలుడైన దీపాల పిచ్చయ్యశాస్త్రిగారితో స్నేహము కుదిరినది; ఆయనయు తరువాత కవిగా పేరుపొందారు. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి వద్ద జాషువాగారు మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము చదువుకొన్నారు. ఆ కాలములో ఒక బ్రాహ్మణ పండితుడు ఈ బాలునికి కాళిదాసును చెప్పుట సామాన్యమైన సంగతి కాదు. కులపు గోడలో అక్కడక్కడ ఇట్టి కిటికీలు తెరచిన సహృదయులుండిరని మనము మరువరాదు.

అయితే గోడ గోడగానే ఉన్నది. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో యువకుడైన జాషువాగారు తన పద్యములు చదివారు. పద్యము బాగున్నదా లేదా అను విచారణ జరుగలేదు. ఈ కులమువానిని సభలోనికి ఎవరు రానిచ్చారని కొందరు కోపించారు. పద్యమునకు యతి, ప్రాస, గణములు తప్పక కుదరవలెను. ఆయన పద్యములో అవన్నీ కుదిరాయి. కుదరనిది పుట్టుక ఒక్కటే. కళలో తప్పు లేనప్పుడు కళాకారునిలో తప్పు వెదకు లోకమిదని ఆయన ఆనాడే తెలిసికొన్నారు.

బ్రదుకు తెరువు

1910లో మేరీగారితో వివాహమైనది. మిక్కిలిపేటలో నెలకు మూడు రూపాయల జీతము మీద ఉపాధ్యాయుడుగా చేరారు. ఆ ఉద్యోగము పోయినది. 1915-16 ప్రాంతములో రాజమహేంద్రవరము వెళ్ళి మూగ సినిమాలకు వాచకుడుగా పనిచేశారు. ఆనాటి సినిమాలకు మాట లేదు. తెర మీద బొమ్మలు కదలుచుండగా ప్రక్కన నిలిచి కథను, సంభాషణలను చదివి వినిపించుట ఆ ఉద్యోగము. నోరులేని బొమ్మలకు గొంతు ఇచ్చిన ఈ యువకుడే తరువాత నోరులేని జనమునకు గొంతు అయినాడు.

ఆ తరువాత గుంటూరులో లూథరన్ సంఘము నడుపుచున్న ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదియేండ్లు, 1928 నుండి 1942 వరకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేశారు. ఉభయభాషాప్రవీణ పట్టము పొందారు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో యుద్ధ ప్రచారకుడుగా ఉన్నారు. 1957 నుండి 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రములో కార్యక్రమ నిర్మాతగా ఉన్నారు. 1964లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులైనారు. మూడు రూపాయల పంతులు ఇంతవాడగుటకు యాభై యేండ్లు పట్టినది.

రెండు వాకిళ్ళు

జాషువాగారి జీవితములో మనము తలవంచుకొని చదువవలసిన పుట ఇది. అగ్రవర్ణ సమాజము ఆయనను అంటరానివాడన్నది. మన క్రైస్తవ పెద్దలు ఆయనను హిందూ పురాణములు చదువువాడన్నారు, క్రైస్తవుడై యుండి హిందూ విషయముల మీద కవిత్వము చెప్పుచున్నాడన్నారు. తుదకు సంఘము వెలుపలికి నెట్టారు. ఒక వాకిట పుట్టుక అడ్డము వచ్చినది, రెండవ వాకిట పద్యము అడ్డము వచ్చినది. ఆయనను నాస్తికుడన్నవారు కొందరు, హిందువన్నవారు కొందరు. తాను మాత్రము విశ్వనరుడనని చెప్పుకొన్నారు.

మన పెద్దలను పూర్తిగా నిందించుట నా ఉద్దేశము కాదు. క్రొత్తగా విశ్వాసములోనికి వచ్చిన జనము మరల పాత బంధకములలో పడునేమో అను భయము వారికి ఉండెను. ఆ రాత్రి పద్యమును ఆపినప్పుడు నాలో ఉన్నదియు ఆ భయమే. కాని భయము వేరు, వివేచన వేరు. మన తెలుగు సంఘములు కట్టడపు కళను ఆనందముతో చేర్చుకొన్నాయి. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయపు రంగుటద్దముల కిటికీలు చదువురాని వేలమందికి సువార్త చెప్పాయి. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకలు దేవాలయములో అజరయ్య బిషప్‌గారు హిందూ, ముస్లిము శిల్పరీతులను క్రైస్తవ ఆరాధనకు చేర్చి చూపారు. రాతికి, సున్నమునకు ఇచ్చిన స్వాతంత్ర్యము గుంటూరులో ఒక కవి మాటకు దొరకలేదు. రాయి ప్రశ్నలు అడుగదు, కవి అడుగుతాడు. భేదమంతా అందులోనే ఉన్నది.

కవికి కూలి ఎవరిస్తారు?

1932లో వెలువడిన ఫిరదౌసి కావ్యమునకు ఆధారము పారశీక కవి ఫిరదౌసి కథ. గజనీ మహమూదు సుల్తాను షానామా గ్రంథమును వ్రాయుమని, పద్యమునకొక బంగారు నాణెము ఇస్తానని మాట ఇచ్చి, తుదకు వెండి నాణెములు పంపెనని ఐతిహ్యము. కవి ఆ వెండిని తృణీకరించి దేశము విడిచెను. సుల్తాను మనసు మార్చుకొని బంగారము పంపు వేళకు కవి శవము ఊరి వాకిలి దాటుచుండెనట.

ఒక తెలుగు దళిత కవికి పారశీక ముస్లిము కవి కథ ఎందుకు కావలసి వచ్చెను? మాట తప్పినవాడు రాజైనను, పదవిలేని కవి సత్యము పక్షమున నిలిచినచో కాలము కవి వైపే తీర్పు చెప్పునని జాషువాగారి నమ్మకము. కళాకారుడు సత్యమునకు కూలివాడు. సింహాసనము ఎదుట అతడు చేయి చాపవచ్చును గాని, సత్యమును అమ్ముకొనరాదు. తనను సభలోనుండి వెళ్ళగొట్టిన లోకమునకు ఆయన పరదేశపు కథతో జవాబు చెప్పారు.

గర్భగుడిలో గబ్బిలము

1941లో గబ్బిలము వెలువడినది. కాళిదాసు మేఘసందేశములో ఒక యక్షుడు ప్రియురాలికి మేఘముతో కబురు పంపుతాడు. హనుమచ్ఛాస్త్రిగారి వద్ద చదువుకొన్న ఆ కావ్యపు చట్టమునే జాషువాగారు తీసికొన్నారు. యక్షుని స్థానములో ఆకలిగొన్న ఒక అరుంధతీయుని నిలిపారు. ప్రియురాలి స్థానములో కాశీ విశ్వనాథుని నిలిపారు. మేఘమునకు బదులుగా, ఇంటిలో దూరితే అశుభమని జనము తరిమే గబ్బిలమును నిలిపారు.

ఆ గుడిసెలోని మనిషి దేవుని సన్నిధికి పోలేడు. గుడికి రాళ్ళు మోసినను, లోకము కాళ్ళకు చెప్పులు కుట్టినను, గడప దాటరాదు. గబ్బిలము దాటగలదు. గర్భాలయపు కప్పును పట్టుకొని దేవుని తలమీదనే వ్రేలాడగలదు. అందుకే అతడు దానిని బ్రతిమాలుకొంటాడు. పూజారి లేని సమయము చూచి తన బాధను శివుని చెవిలో వేయుమంటాడు. ఆ పక్షి దేశము మీదుగా ఎగురుచుండగా మన చరిత్రలోని వైభవములన్నీ క్రింద కనబడతాయి, ఆ వైభవము చాటున దాగిన అన్యాయమును కనబడుతుంది.

ఈ కావ్యమును ఆ కాలములో ఉంచి చూడవలెను. 1930లో అంబేద్కరుగారు నాసికులోని కాలారామ మందిర ప్రవేశమునకు సత్యాగ్రహము నడిపారు. 1936లో తిరువాన్కూరు మహారాజు ఆలయ ప్రవేశ ప్రకటన చేశారు. హైదరాబాదు సంస్థానములో భాగ్యరెడ్డివర్మగారు బడులు పెట్టి, సభలు జరిపి, 1939లో కన్నుమూశారు. దేశమంతట గుడి తలుపు మీద వాదము సాగుచున్న వేళ జాషువాగారు వాదించలేదు. ఒక చిన్న పక్షిని లోపలికి పంపి, దీనికున్న హక్కు మనుష్యునికి ఎందుకు లేదని చదువరి మనసులోనే ప్రశ్న పుట్టించారు. చట్టము చేయలేని పని ఇది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసినది. కాని సిగ్గుపడుట ఏ చట్టము నేర్పగలదు? దానిని కళయే నేర్పవలెను.

నేను గబ్బిలము చదివినప్పుడు 84వ కీర్తన జ్ఞాపకమునకు వచ్చినది. దేవుని బలిపీఠమునొద్ద గూడు దొరికిన పిచ్చుకను చూచి భక్తుడు అసూయపడిన కీర్తన అది. సన్నిధికి దూరమైన ఆత్మ మూలుగు యూదయలోను, వినుకొండలోను ఒక్కటే. దీనిని ఆనాటి పెద్దలు గుర్తించియుంటే ఎంత బాగుండెడిది!

పద్యమునే ఎందుకు పట్టుకొన్నారు?

ఆ దినములలో కవులు కొందరు ఊహాప్రేయసుల కొరకు పాడుచున్నారు. మరికొందరు ఛందస్సు సంకెళ్ళు తెంచుకొనవలెననుచున్నారు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘము ఏర్పడి, కళ ప్రజల కొరకే అని చాటినది. జాషువాగారు ఏ జట్టులోను పూర్తిగా ఇమడలేదు. బాధ ప్రజలది, రూపము పండితులది. కొందరికి ఇది వింతగా తోచినది.

నాకు తోచిన కారణములు రెండు. పద్యము పండితుల కోట. ఆ కోట తాళము తన చేతిలోను తిరుగునని ఆయన చూపవలసి ఉండెను. వేరే ఇల్లు కట్టుకొనియుంటే, చేతకాక బయట కట్టుకొన్నాడని అనియుందురు. రెండవది, పద్యము పుస్తకములో నిలిచియుండదు. హార్మోనియము శ్రుతిలో రాగము తీసి పాడితే అక్షరము రానివాడును ఒక్క రాత్రిలో కంఠస్థము చేస్తాడు. మన ఉత్తర తెలంగాణ పల్లెలలో చిందు భాగవతులు పురాణములన్నిటిని ఇట్లే నోటితో మోసికొని వచ్చారు. దేవతల వేషములు కట్టి ఊరికంతటికి భక్తి పంచినవారికి ఊరిలో ఇల్లు లేదు! కళను నెత్తిన పెట్టుకొని కళాకారుని వాకిట నిలుపు ఈ ఆచారము మనకు క్రొత్త కాదు.

శ్మశానవాటి పద్యముల సంగతి ఇదే. జాషువాగారు వాటిని విడిగా వ్రాశారు. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి సత్యహరిశ్చంద్ర నాటకము ఆడు నటులు వాటిని కాటి సీనులో చేర్చుకొన్నారు. జనము వాటిని నాటకములోనివే అనుకొన్నారు. రాజును, కవియును, క్రొత్త పెండ్లికూతురును ఒకే బూడిదగు చోట అంటు, ముట్టు నిలువవని ఆ పద్యముల సారము. సత్యము కొరకు కాటికాపరియైన రాజు నోట, సత్యము కొరకు వెలియైన కవి మాట. నేను ఆ రాత్రి ఆపినది దానినే.

క్రీస్తు చరిత్ర

1958లో ఆయన క్రీస్తు చరిత్ర ప్రకటించారు. అప్పటికి ఆయన వయస్సు అరువది దాటినది. వెలివేసిన సంఘము మీద కోపము వెళ్ళగ్రక్కుటకు అది మంచి అదను. ఆయన అట్లు చేయలేదు. బేత్లెహేము నుండి కల్వరి వరకు ప్రభువు జీవితమును తేట తెలుగు పద్యములలో చెప్పారు. 1964లో ఆ కావ్యమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. గుడికి గాని, చర్చికి గాని వెళ్ళని చదువరులు కూడ ఆ పుస్తకము ద్వారా యేసు ప్రభువును చూచారు.

ఇక్కడ వేదాంత విద్యార్థిగా నాకొక సంగతి బోధపడినది. సంఘము జాషువాను విడిచినను, జాషువా క్రీస్తును విడువలేదు. ఆయన విశ్వాసము మన విశ్వాసప్రమాణములోని ప్రతి మాటకు సరిపోవునా అని నేను తూచబోను. దరిద్రుల పక్షమున నిలిచి, మతాధిపతుల చేత పట్టణము వెలుపలికి నెట్టబడిన వానిని ఆయన సులువుగా గుర్తుపట్టారు. లోపల కూర్చున్న మనకు అంత సులువుగా కనబడడు.

గౌరవములు, తుది దినములు

కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి మొదలగు బిరుదులు ఆయనకు వచ్చాయి. వాటిలో ఒక ఘట్టము చెప్పక తప్పదు. తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు, పండితలోకమంతయు గురువుగా తలంచిన ఆ వృద్ధ బ్రాహ్మణుడు, జాషువాగారి కాలికి గండపెండేరము తొడిగారు. ఆ పాదమును తాకి తన జన్మ ధన్యమైనదని ఆయనే సభలో అన్నారు. అంటరానివాడని ఏ సమాజము అన్నదో, ఆ సమాజపు అగ్రగణ్యుడే వంగి ఆ పాదమును అంటెను. ప్రభువు శిష్యుల పాదములు కడిగిన సంగతి ప్రతి సంవత్సరము బోధించు మనకు ఈ దృశ్యము అర్థము కావలెను.

1970లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతోను, భారత ప్రభుత్వము పద్మభూషణముతోను గౌరవించాయి. 1971 జూలై 24న ఆయన దేహము చాలించారు.

ఆయన కుమార్తె హేమలతగారు 1960లో నాస్తికోద్యమ నాయకులు గోరాగారి కుమారుడు లవణంగారిని వివాహము చేసికొన్నారు. కులములు వేరైనను తండ్రి అంగీకరించారు. తాను వ్రాసినది తన యింట జరిగినప్పుడు కవి వెనుకాడలేదు. ఆ దంపతులు స్టువర్టుపురములో నేరవృత్తిలో ఉన్నవారి మార్పుకొరకు పాటుపడ్డారు. తరువాత హేమలతగారు మన గోదావరికి ఆవలనున్న నిజామాబాదు జిల్లాకు వచ్చి, దేవత పేర విడువబడి ఊరి పెద్దల పాలైన జోగినీ స్త్రీల విముక్తికి పనిచేశారు. వారి పిల్లల కొరకు వర్నిలో చెల్లి నిలయము నెలకొల్పారు. 1988లో రాష్ట్ర ప్రభుత్వము ఆ దురాచారమును నిషేధించు చట్టము చేసినది. ఆమె 2008లో మరణించారు. గుంటూరులో పుట్టిన పద్యము, ఒక తరము తరువాత మన ప్రాంతపు ఆడబిడ్డల చేయి పట్టుకొన్నది. కళవలన సమాజము మారునా అని అడుగువారికి ఇంతకంటె జవాబు ఏమున్నది?

మనలను మనము అడుగుకొనవలసినది

ప్రియులారా, నూరేండ్ల పండుగ కృతజ్ఞతా సమయము, ఆత్మపరీక్షా సమయము కూడ. ఈనాటికిని మన సంఘములలో మాల, మాదిగ అను మాట పెండ్లి సంబంధముల వేళ లేచి కూర్చుంటుంది. సంఘపెద్దల ఎన్నికలలో లెక్కకు వస్తుంది. ఒకే బల్లనొద్ద రొట్టె విరిచిన మనము ఇంటికి వెళ్ళి వేరువేరు గిన్నెలు తీస్తే, గబ్బిలము ఇప్పుడు మన ఆలయపు కప్పునుండియే వ్రేలాడుచున్నదనుకొనవలెను. న్యాయము లేని చోట పాటల ధ్వని తనకు వద్దని దేవుడు ఆమోసు ప్రవక్త ద్వారా చెప్పినది మన క్వాయిరులకును వర్తిస్తుంది.

మరియొక మాట. మన సంఘములలో దప్పు కొట్టువారు, భజన కట్టువారు, పద్యము పాడువారు ఇంకను కొందరున్నారు. వారి పేర్లు ఇట్టి సంచికలలో సాధారణముగా ఉండవు. వారు వెళ్ళిపోకముందే వారిచేత పాడించుకొందము. పాట మనకు క్రొత్తగా తోచినప్పుడు, ఆపుటకు ముందు అందులో సత్యమున్నదేమో ఆలకించుదము.

యెహోషువ కాలములో యెరికో గోడలు బూరల ధ్వనికి, జనుల కేకకు కూలినవని మనము చదువుచున్నాము. మన జాషువాయు పద్యమను బూర ఊదుతూ కులపు గోడ చుట్టు జీవితమంతా తిరిగారు. ఆ గోడ బీటలు వారినది, ఇంకను పూర్తిగా పడలేదు. మిగిలిన చుట్లు తిరుగవలసినది మనమే.

ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన సమాధి కార్యక్రమము నేనే జరిపించాను. కీర్తనలు, ప్రార్థన అయిన తరువాత, ఆయన మనుమడు శ్మశానవాటి పద్యము ఎత్తుకొన్నాడు. ఈసారి నేను తల వంచి చివరిదాక విన్నాను.